ఆంగ్లమున ‘టేక్’ క్రియ : దాని పొత్తుల చరిత్ర

ఆంగ్లము నేర్చుకొను తెలుగు విద్యార్థిని మిక్కిలి చిక్కుపెట్టునవి దీర్ఘములైన లాటిను, గ్రీకు పదములు కావు. అట్టి పదమునకు నిఘంటువు చూచినచో ఒకటి రెండర్థములు దొరకును, సందేహము తీరును. చిక్కంతయు మొదటి వాచకముననే నేర్చిన చిన్న క్రియలతో వచ్చును. ‘టేక్’ అనగా తీసికొనుట యని అందరును ఎరుగుదురు. కాని దానికి ‘ప్లేస్’ అను నామము తోడైనచో జరుగుట యను అర్థమేల కలుగవలెను? ‘ఆఫ్’ అను అవ్యయము తోడైనచో ఉడుపు విప్పుట, విమానము నేల విడుచుట, ఒకరి చేష్టలను అనుకరించి నవ్వించుట, ఈ మూడును ఒక్కచోట ఎట్లు ఒదిగినవి? ‘ఆఫ్టర్’ చేరినంతనే బిడ్డకు తండ్రి పోలిక వచ్చుట యెట్లు? ఉపాధ్యాయుడు సాధారణముగా ‘ఇది వాడుక, కంఠస్థము చేయుము’ అని తప్పించుకొనును. ఆ సమాధానము అసత్యము కాదు, అసంపూర్ణము. వాడుకకు చరిత్ర కలదు. ‘టేక్’ విషయమున ఆ చరిత్ర సుమారు వేయి యేండ్లది. చాలవరకు వ్రాతప్రతుల యందు కనబడునది. దానిని ఇచట పరిశీలింపదలచితిమి.

సామ్యుల్ జాన్సను 1755లో వెలువరించిన నిఘంటువున ఈ ఒక్క క్రియకు 134 అర్థములను వేరుచేసి చూపెను. క్రియకు అవ్యయము చేరి క్రొత్త యర్థమేర్పడు పద్ధతి తమ భాషయందు మిక్కుటమనియు, పరదేశీయులకు అది మిగుల క్లిష్టమనియు ఆ గ్రంథపు పీఠికయందే అతడు గుర్తించెను. అచట ఇచ్చిన ఉదాహరణములలో ‘టేక్ ఆఫ్’ కూడ ఉన్నది. అర్థములను పోగుచేయుటలో, వరుసపెట్టుటలో జాన్సనుకు సాటి లేదు. కాని ఏ పొత్తు ఎచటనుండి వచ్చినదో నిర్ణయించుటకు వలసిన సాధనములు ఆనాటికి లేవు. తులనాత్మక భాషాశాస్త్రము పందొమ్మిదవ శతాబ్దియందు గాని కుదురుకొనలేదు.

మొదట చెప్పవలసిన సంగతి యేమనగా, ‘టేక్’ ఆంగ్లేయుల పుట్టింటి మాట కాదు. ప్రాచీనాంగ్లమున తీసికొనుటకు ‘నిమన్’ అను క్రియ యుండెను. జర్మను భాషలోని ‘నేమెన్’, నాలుగవ శతాబ్దిలో వుల్ఫిలా అనువదించిన గాథిక్ బైబిలులోని ‘నిమన్’ దీనికి తోబుట్టువులు. దీనితోపాటు పట్టుకొనుట యను అర్థమున ‘ఫోన్’ అను మరియొక క్రియ కలదు. ఒక రాజు పట్టమునకు వచ్చెనని చెప్పవలసినప్పుడెల్ల ఆంగ్లో-సాక్సను క్రానికిలు ‘ఫెంగ్ టో రీచె’ అని, అనగా రాజ్యమును చేపట్టెనని వ్రాయును. ఈ క్రియ కాలక్రమమున లుప్తమై, దాని బంధువైన ‘ఫాంగ్’ మాత్రము కోరపల్లు అను అర్థమున నిలిచినది.

ఇక ‘టేక్’ సంగతి. 793లో లిండిస్‌ఫార్న్ మఠముపై పడిన నాటినుండి ఉత్తరదేశపు నావికులు ఇంగ్లండును దోచుచు వచ్చిరి. 865లో మహాసేనగా దిగిరి. 878లో ఆల్‌ఫ్రెడ్ రాజు వారిని ఓడించిన పిమ్మట దేశపు ఉత్తర, పూర్వభాగములు వారి యేలుబడిలో మిగిలినవి. 1016లో డెన్మార్కువాడైన క్నూట్ ఇంగ్లండునకే రాజయ్యెను. దోపిడికి వచ్చినవారు కాపులై, పొలములు దున్ని, అచటి కన్యలను పెండ్లాడి, ఇరుగుపొరుగువారైరి. వారి నోట తీసికొనుటకు మాట ‘టాకా’, భూతకాలమున ‘టోక్’. నేటి ఆంగ్లములోని ‘టుక్’ ఆ ‘టోక్’ సంతతియే. ఈ ధాతువునకు మూలార్థము తాకుట యని గాథిక్ భాషలోని ‘టేకన్’ వలన తెలియును. పదునొకండవ శతాబ్ది చివరిభాగపు ఆంగ్లపు వ్రాతలలో ఇది తొంగిచూచుచున్నది.

విజేతల మాట జితుల భాషలో చేరుట వింత కాదు. కాని సామాన్యముగా అట్లు చేరునవి క్రొత్త వస్తువుల పేళ్లు, అధికారపు పేళ్లు. మన భాషలో తహశీలు, జమాబందీ చేరినట్లే యనుకొనుడు. రోజునకు నూరుమారులు నోట మెదలు క్రియయే మారుట అరుదు. ఇంగ్లండున మాత్రము ‘వారు’ అను సర్వనామము (‘దే’) సయితము ఉత్తరదేశమునుండియే వచ్చినది. రెండు భాషలు అక్కచెల్లెండ్రగుటచేత ఒకరి మాట ఒకరికి సగమైనను బోధపడుచుండెను. వడ్డించిన విస్తళ్లు కలిసిపోయినట్లు మాటలు కలిసిపోయినవి. ఈ కలయిక ఎన్ని శతాబ్దులు సాగినదో కాక్స్‌టను 1490లో ఒక అనువాదపు పీఠికయందు చెప్పిన ముచ్చట చూపును. థేమ్సు నదిపై నావలో చిక్కిన వర్తకుడొకడు ఒక ఇంటికి పోయి ‘ఎగ్గులు’ కావలెనని యడిగెనట. ఆ యిల్లాలు తనకు ఫ్రెంచి రాదని చెప్పెనట! వేరొకడు ‘ఐరెన్’ అనినప్పుడు గాని ఆమెకు గ్రుడ్లని తెలియలేదు. అడిగినది ఫ్రెంచి మాట కాదు, ఉత్తరదేశపు మాట.

‘నిమన్’, ‘టాకా’ల పోరు రమారమి మూడు శతాబ్దులు సాగెను. స్వీడనుకు చెందిన అలారిక్ రీనెల్ 1948లో లుండ్ నుండి వెలువరించిన గ్రంథము ఈ పోటీనే ప్రధానముగా విచారించినది. ఒక క్రియ మరియొక క్రియను వెడలగొట్టిన తీరును ప్రాంతమువారీగా పరిశీలించిన గ్రంథములలో దీనిని మేము మేలుబంతిగా నెంతుము. ఉత్తరమునను, తూర్పు మధ్యదేశమునను క్రొత్తమాట త్వరగా నెగ్గినది. దక్షిణ, పశ్చిమములలో పాతమాట చిరకాలము నిలిచినది. పశ్చిమప్రాంతమువాడైన లాయమను కావ్యమున ‘నిమెన్’ దే రాజ్యము. పండ్రెండవ శతాబ్దిలో తూర్పుననున్న ఓర్మ్ అను యతి రచించిన ‘ఓర్ములమ్’ నందు ‘టాకెన్’ స్వేచ్ఛగా సంచరించును. 1400లో మరణించిన చాసరు నాటికి లండనున ‘టేక్’ గెలుపు స్థిరమైపోయినది. ఓడిన ‘నిమ్’ దొంగల పలుకుబడిలోనికి జారి, పదునేడవ శతాబ్ది వరకు దొంగిలించుట యను అర్థమున బ్రదికెను. షేక్‌స్పియరు సృజించిన నిమ్ అను సైనికుడు దొంగతనములు చేయువాడగుట, తుదకు ఉరికంబమెక్కుట యాదృచ్ఛికము కాదు. ‘నమ్’ అనగా తిమ్మిరియెక్కినది యను విశేషణము ఆ పాతక్రియ యొక్క కర్మణి రూపమే. చలి ‘తీసికొనిపోయిన’ అవయవమన్నమాట. తుదనున్న, పలుకబడని ‘బి’ అక్షరము లేఖకులు తరువాత తగిలించినది.

ఇంతవరకు చెప్పినది ఒక పదపు చరిత్ర. మా యభిప్రాయమున ముఖ్యమైనది దీని తరువాతి మాట. క్రియ మారినప్పుడు దాని పొత్తులు ఏమైనవి? ‘నిమన్’ ఒంటరిగా బ్రదుకలేదు. దానికి వెంట తిరుగు నామములుండెను. శత్రువుతో సంధి చేసికొనుటను క్రానికిలు ‘ఫ్రిథ్ నిమన్’, అనగా శాంతిని తీసికొనుట యని పలుమారులు చెప్పును. భార్యను తీసికొనుట, మాదిరిని తీసికొనుట కూడ కలవు. క్రొత్తక్రియ వచ్చినప్పుడు ఈ నామములు చెదరిపోలేదు. పాతక్రియ లేచిన పీటపై క్రొత్తది కూర్చుండెను, అంతే.

దీనికి చక్కని నిదర్శనము ‘గమనింపుము’ అను మాట. మధ్యాంగ్లపు తొలిదశయందు ‘నిమ్ యేమె’ అనెడివారు. ‘యేమె’ అనగా లక్ష్యము. పిదప క్రియ మారి ‘టేక్ యేమె’ అయ్యెను. అంతట నామము పాతబడెను. దాని స్థానమున ‘కేప్’, ‘హీడ్’ అనునవి వచ్చి, చాసరు నాటికి ‘టేక్ కేప్’, ‘టేక్ హీడ్’ అని రెండును చెల్లుచుండెను. వాని తరువాతిది ‘టేక్ కేర్’. ‘కేర్’ అను పదమునకు ప్రాచీనాంగ్లమున దుఃఖము, చింత యని యర్థము. కనుక ఆనాటివానికి ఈ పొత్తు వినబడినచో దుఃఖమును తీసికొమ్మని దీవించుచున్నారని భ్రమపడెడివాడేమో. క్రియ మారినది, నామములు వరుసగా మారినవి, మారనిది ఆ కట్టడము ఒక్కటే. నేడు ఈ పొత్తునందలి రెండు మాటలలో ఒకటియు మొదటి జంటలోనిది కాదు.

ఇంతకంటె లోతైన ఉదాహరణము ‘టేక్ పార్ట్’. లాటిను భాషలో పాలుపంచుకొనువానిని ‘పార్టికెప్స్’ అందురు. భాగము అను నామమును, పట్టుట అను క్రియయు కలిసిన పదమది. క్రీ. శ. 1000 ప్రాంతమున ఆల్‌ఫ్రిక్ అను క్రైస్తవ యతి తన శిష్యులకై లాటిను వ్యాకరణమును ఆంగ్లమున రచించెను. అందు ‘పార్టిసిపియమ్’ అను వ్యాకరణ పరిభాషను అతడు ‘డాల్-నిమెండ్’ అని తన భాషలోనికి దించెను. ‘డాల్’ భాగము, ‘నిమెండ్’ తీసికొనునది. అతని తరువాత ‘నిమన్’ పోయినది. నార్మనులు 1066లో గెలిచిన పిమ్మట ‘డాల్’ అను మాటకు ఎదురుగా ఫ్రెంచినుండి ‘పార్ట్’ వచ్చినది. ఇట్లు ఉత్తరదేశపు క్రియయు ఫ్రెంచి నామమును కలిసి, ఆల్‌ఫ్రిక్ చెప్పిన భావమునే ‘టేక్ పార్ట్’ అని మరల పలికినవి. అచటితో ఆగలేదు. ‘పార్ట్-టేకర్’ అను సమాసము కుదిరి ‘పార్టేకర్’ అయినది. పదునారవ శతాబ్దిలో దాని తోకను కోసి ‘పార్టేక్’ అను క్రియను చేసికొనిరి. కొడుకు పుట్టిన తరువాత తండ్రిని కన్నట్లున్నది ఈ వ్యవహారము.

ఫ్రెంచివారి ‘ప్రాండ్ర్’ అను క్రియకును తీసికొనుట యనియే యర్థము. దొరలు మాటాడు ఫ్రెంచి పొత్తులను ఆంగ్లేయులు మాటకు మాటగా తెచ్చుకొనిరి. జాలిపడుట, పగతీర్చుకొనుట మొదలగువానికి ‘టేక్’ తోడి పొత్తులు ఫ్రెంచి మాదిరిపై ఏర్పడినవని ఎ. ఎ. ప్రిన్స్ 1952లో లైడెన్ నుండి ప్రకటించిన గ్రంథము వలన గ్రహింపవచ్చును. ఇట్లు వచ్చినవన్నియు నిలువలేదు. ముగియుటకు ‘టేక్ ఎండ్’ అని కొంతకాలము వ్రాసి విడిచిరి. ‘టేక్ లీవ్’ అనుదానిని గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. ఇందలి ‘లీవ్’ విడిచిపోవుట కాదు. అనుమతి యను వేరొక పదము. వెళ్లిపోవువాడు పెద్దల యనుమతి తీసికొనవలెను గనుక అది వీడ్కోలు అయినది. మన ‘సెలవు’ను చూడుడు. పెద్దలు సెలవిచ్చుట, సెలవు పుచ్చుకొని వెళ్లుట, బడికి సెలవు, ఈ మూడు మెట్లును తెలుగున కూడ వరుసగా ఉన్నవి. ఇచట ఎవరి నుండి ఎవరును ఎరువు తెచ్చుకొనలేదు. పెద్దల యెదుట మెలగు మర్యాద ఒక్కటియై రెండు భాషలను ఒకే త్రోవను నడిపినది. ‘టేక్ ప్లేస్’ మాత్రము దూరపు త్రోవను వచ్చినది. చోటు చేసికొనుట, చెల్లుబడియగుట అని మొదటి యర్థములు. షేక్‌స్పియరు ఆ యర్థములతోనే ఎరుగును. జరుగుట యను అర్థము తరువాతి కాలమున గట్టిపడినది.

నామములను విడిచి అవ్యయముల వంకకు వత్తము. ప్రాచీనాంగ్లమున అవ్యయము క్రియకు ముందు అతుకుకొని ఉపసర్గగా నుండుట పరిపాటి. ‘అండర్-నిమన్’, ‘ఓవర్-నిమన్’, ‘బి-నిమన్’, ‘ఫోర్-నిమన్’ అని వరుస కలదు. వీనిలో మొదటి రెండింటి యందు క్రియను మాత్రము మార్చి ‘అండర్‌టేక్’, ‘ఓవర్‌టేక్’ అని నేటికిని వాడుచున్నారు. పీట పాతది, కూర్చున్నది క్రొత్తది యను మా మాటకు ఇవి మరల సాక్ష్యము. మిగిలిన ఉపసర్గలు కాలక్రమమున బలము కోల్పోయినవి. అవ్యయము క్రియకు వెనుకకు జరిగినది. పీటర్‌బరో మఠపు క్రానికిలులో 1154 వరకుగల చివరి భాగమున, కోటలను ‘గివ్ అప్’ చేసిరని, అనగా అప్పగించిరని కనబడుచున్నది. ఉత్తరదేశపు భాషలో ఇట్టి క్రమము అంతకుముందే యున్నది. ‘టాకా విథ్’ అనగా అచట స్వీకరించుట. ఓర్మ్ యతి ‘టేక్ విత్’ అని సరిగా ఆ యర్థముననే వ్రాసెను. ‘విత్’ అనగా ‘తో’ యని మాత్రమే నేర్చినవానికి ఆ పంక్తులు బోధపడవు.

ఇట్టి క్రియావ్యయ సంయోగములకు ‘ఫ్రేజల్ వెర్బ్’ అను పేరు 1925లో లోగను పియర్సల్ స్మిత్ గ్రంథమున ప్రచారమునకు వచ్చినది. ఆ పేరు సూచించినవాడు ఆక్స్‌ఫర్డు నిఘంటువు సంపాదకులలో నొకడైన హెన్రీ బ్రాడ్లీ యని అతడే చెప్పెను. సి. కె. ఆగ్డెన్ 1930లో ‘బేసిక్ ఇంగ్లీషు’ను ప్రతిపాదించి, 850 పదములతో సర్వమును చెప్పవచ్చుననెను. అందు క్రియలు పదునెనిమిది మాత్రమే. ‘టేక్’ వానిలో నొకటి. వినుటకు ఎంతో సులభము! కాని ఆ పదునెనిమిదింటికిని అవ్యయములను జోడించిన వేలకొలది సంయోగములను ఆయన లెక్కలో చేర్చలేదు. తలుపు చిన్నదిచేసి ఇల్లు చిన్నదయినదని చెప్పినట్లున్నది. 1933లో టోక్యోలో హెరాల్డ్ పామర్ పొత్తులనే విడిగా సేకరించి ప్రకటించుట ఇంతకంటె ఉపకరించు పని. లాహోరున పంజాబు విశ్వవిద్యాలయమున ఆంగ్లాచార్యుడుగా పనిచేసి, పిదప లండనున భాషాశాస్త్రమునకు పేరుతెచ్చిన జె. ఆర్. ఫర్త్ 1951లో ఈ పొత్తును శాస్త్రీయమైన సంజ్ఞగా నిలిపెను. ఒక పదపు అర్థములో కొంతభాగము దాని సావాసమే యని ఆయన మతము.

ఆటో యెస్పర్సన్ ఆంగ్లవ్యాకరణపు ఆరవ సంపుటము 1942లో వెలువడినది. ‘టేక్ ఎ వాక్’ వంటి చోట్ల క్రియ తేలికైపోయి, అర్థభారమంతయు నామముపై పడునని అతడచట చూపెను. తేలికక్రియ యను సంజ్ఞ అతనిదే. ఈ పద్ధతికి ఒక ప్రయోజనము కలదు. నడచుట క్రియగా నున్నంతవరకు దానిని లెక్కించుట, దానికి విశేషణము చేర్చుట కష్టము. నామమైనచో ఒక నడక, రెండు నడకలు, సుదీర్ఘమైన నడక యని చెప్పుకొనవచ్చును. ఈ సంగతి మన భాషా విచారమునకు పనికివచ్చును గనుక ఇచట తెలుగు వంక ఒకసారి చూడవలసియున్నది.

ఆంగ్లమునకు ‘టేక్’ ఎట్టిదో తెలుగునకు ‘కొను’ అట్టిది. నేడు విడిగా నున్నప్పుడు అది వెలయిచ్చి కొనుటకు పరిమితమైనను, పొత్తులలో దాని పాతయర్థము చెక్కుచెదరలేదు. చేయి చేరి చేకొను, గైకొను అయినవి. పేరు చేరి పేర్కొను అయినది. ఎదురు చేరి ఎదుర్కొను, వీడు చేరి వీడ్కొను అయినవి. పాలు చేరి పాల్గొను అయినది. ఈ చివరి మాటను ఆల్‌ఫ్రిక్ వ్రాసిన ‘డాల్-నిమెండ్’ పక్కన నిలిపి చూచినచో, ఇంగ్లండున మూడు భాషలు కలిసి చేసిన పనిని తెలుగు ఒక్కతే చేసికొన్నదని తోచును.

ఈ కొలతతో నేటి వ్రాతలను పరిశీలింపవచ్చును. పత్రికలలోను, ప్రభుత్వ లేఖలలోను ‘చర్య తీసికొను’, ‘నిర్ణయము తీసికొను’ అను ప్రయోగములు ఆంగ్లపు నీడలో పెరిగినవని కొందరు పండితులు నిరసింతురు. నీడ ఉన్నమాట నిజము. పరాయి మాదిరి యగుటయే దోషమైనచో, ఫ్రెంచి మాదిరిపై పెరిగిన ఆంగ్లపు పొత్తులలో ఎన్నింటికో విడాకులీయవలసియుండును. మేము అడుగునది వేరు ప్రశ్న: ఆ పీట మన యింట ఖాళీగా నున్నదా? ‘నిర్ణయించు’ ఉన్నది, కాని సభ మూడు నిర్ణయములు తీసికొన్నదనునప్పుడు అవి లెక్కకు వచ్చుచున్నవి. యెస్పర్సన్ చెప్పిన ప్రయోజనము ఇచట కలదు గనుక అది నిలిచినది. ‘భాగము తీసికొను’ అని వ్రాయుటకు మాత్రము ఏ ప్రయోజనమును లేదు. అచట ‘పాల్గొను’ ఏనాడో కూర్చున్నది.

ప్రజల నోరు ఈ విచక్షణను పండితులను అడుగకయే చేయుచున్నది. నూటేబది యేండ్లకు పైగా ఆంగ్లము చదువుచున్నను ‘స్నానము తీసికొంటిని’ అని తెలుగువాడు అనలేదు. కాలము మనకు పట్టును, తీసికొనదు. జలుబు చేయును. మొక్క వేరూనును. మందు పుచ్చుకొందుము, లేదా వేసికొందుము. ఫోటో యొకరు తీయుదురు, వేరొకరు తీయించుకొందురు. ఆంగ్లమునకు లేని ఈ భేదమును ఆ క్రొత్త వస్తువు విషయమునను విడువలేదు. పరీక్షను ఆంగ్ల విద్యార్థి ‘టేక్’ చేయును. తెలుగున పరీక్ష పెట్టువాడు గురువు, వ్రాయువాడు శిష్యుడు.